స్టిరాయిడ్: తెలియకుండా మొదలెట్టకండి, చెప్పకుండా మానకండి

ముందుగా ఒక్క మాట. మీ ఇంట్లో ఎవరైనా నెలల తరబడి స్టిరాయిడ్ మాత్రలు వాడుతుంటే, ఇది చదివి భయపడి ఇవాళ రాత్రే వాటిని చెత్తబుట్టలో పడేయకండి. ఈ హెచ్చరిక రాస్తున్నప్పుడు మాకున్న పెద్ద భయం అదే. అడ్డగోలుగా వాడితే వచ్చే కీడు నెమ్మదిగా వస్తుంది. ఒక్కసారిగా మానేస్తే వచ్చే కీడు రోజుల్లోనే మీద పడుతుంది. అందుకని నిదానంగా చివరిదాకా చదవండి. చదివాక లేచి మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తీసి చూడండి.

స్టిరాయిడ్ విషం కాదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో మంచం పట్టిన ఒకామెకు ఫిలిప్ హెంచ్ బృందం కార్టిసోన్ సూదులిచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆ మందు వెనకున్న ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ ఆయాసంతో ఊపిరాడని మనిషికి, లూపస్‌తో ఒళ్లు కాలిపోయే ఆడపిల్లకు, నెఫ్రోటిక్ సిండ్రోమ్‌తో ఒంట్లో నీరు దిగి ఉబ్బిపోయిన పిల్లాడికి, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాడికి ఇదే ఆధారం. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు ఎదిగేందుకు తల్లికిచ్చే సూది కూడా స్టిరాయిడే. ఇంత మంచి మందుతో ఇంత చెరుపు ఎందుకు జరుగుతోంది? ఎవరు మొదలుపెట్టారో, ఎంత డోసో, ఎప్పటిదాకానో ఎవరి దగ్గరా లెక్క లేకపోవడం వల్ల.

ఊళ్లో జరిగేది మీకు తెలియంది కాదు. ఒళ్లంతా నొప్పులు, జ్వరం. ముందు నాట్లున్నాయి, మంచమెక్కితే కూలి పోతుంది. ఆర్‌ఎంపీ దగ్గరికెళ్తే ఓ సెలైన్, అందులో ఓ సూది. సాయంత్రానికి జ్వరం జారుతుంది, ఆకలేస్తుంది, ఒళ్లు తేలికవుతుంది. ‘ఆయన హస్తవాసి మంచిది’ అనుకుంటాం. ఆ హస్తవాసిలో చాలాసార్లు సగం డెక్సామెథసోన్. 2006లో చికున్‌గున్యా వచ్చి ఊళ్లకు ఊళ్లు కీళ్లు పట్టేసినప్పుడు ఈ సూది రుచి చాలామందికి తెలిసింది. అప్పుడు పడ్డ అలవాటు మోకాళ్ల నొప్పులకూ నడుము నొప్పికీ పాకింది.

ఆ సూదిలో ఎంత ఉంటుందో ఎప్పుడైనా అడిగారా? చిన్న సీసాలో 2 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 4 చొప్పున మొత్తం 8 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్. వినడానికి చిన్న అంకె. కానీ డెక్సామెథసోన్ 0.75 మిల్లీగ్రాములు ప్రెడ్నిసోలోన్ 5 మిల్లీగ్రాములతో సమానం. అంటే ఆ ఒక్క సీసా 50 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కు పైమాటే. మన ఒంట్లో గ్రంథులు రోజంతా తయారుచేసుకునే కార్టిసాల్ దాదాపు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కు సరిపోతుంది. పది రోజుల సరుకు ఒక్క పూటలో ఒంట్లోకి పోస్తున్నామన్నమాట. మాత్రల సంగతీ ఇంతే. ‘ఇది 0.5 మాత్రేనండీ, చిన్నది’ అంటారు. బీటామెథసోన్ 0.5 మాత్ర ఒక్కటి ప్రెడ్నిసోలోన్ 4 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ. రోజుకు మూడేసుకుంటే అది చిన్న డోసు కాదు. అంకె చిన్నదని మోసపోవద్దు, మందు పేరు చూడండి.

పేరు ఎక్కడ కనిపిస్తుంది అంటారా? అసలు చిక్కు అక్కడే. కాగితం పొట్లంలో ఒక తెల్ల మాత్ర, ఒక గులాబీ మాత్ర, ఒక పసుపు గొట్టం కట్టిస్తారు. లేదా స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి నాలుగు బిళ్లలు చేతిలో పెడతారు. పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. దయచేసి ఇకనుంచి పేరున్న ముక్కే అడిగి తీసుకోండి. లేదా ఫోనుతో మొత్తం స్ట్రిప్పు ఫొటో తీసుకోండి. ప్రెడ్నిసోలోన్, మిథైల్ ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్, డెఫ్లజాకార్ట్, హైడ్రోకార్టిసోన్: ఇవన్నీ స్టిరాయిడ్లు. వైసలోన్, ఆమ్నాకార్టిల్, మెడ్రాల్, డెక్సోనా, బెట్నెసాల్ అని షాపులో పిలిచేవి ఇవే. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులివి. చీటీ ఉన్నా, మూడేళ్ల కిందట పది రోజులకు రాసిన చీటీని మడతలు చిరిగేదాకా చూపించి తెచ్చుకోవడం చీటీ ఉన్నట్టు కాదు.

పొడుల గురించీ చెప్పాలి. ఫలానా ఊళ్లో కీళ్లనొప్పులకు, ఆయాసానికి పొడి ఇస్తున్నారని ఆటోలు కట్టించుకుని వెళ్తుంటారు. ఆయుర్వేదం మీద మాకు చిన్నచూపు లేదు. కానీ పదేళ్ల నొప్పి రెండు రోజుల్లో చేత్తో తీసినట్టు పోయి, ఆకలి విపరీతమై, నెలలో మొహం నిండుగా అయితే అనుమానించండి. అలాంటి పొడుల్లో స్టిరాయిడ్ కలిపిన సందర్భాలు పరీక్షల్లో బయటపడుతూనే ఉన్నాయి. ‘ఒళ్లు చేశావే, మందు బాగా పడినట్టుంది’ అని చుట్టాలు మెచ్చుకుంటారు. అది ఒళ్లు చేయడం కాదు, ముప్పు మొదలవడం. బక్కగా ఉన్న పిల్ల పెళ్లినాటికి కాస్త నిండుగా కనబడాలని ‘లావెక్కే మాత్రలు’ మింగించే తల్లులకూ ఇదే విన్నపం.

ఈ గుర్తులు చూసుకోండి. మొహం గుండ్రంగా ఉబ్బిందా? కాళ్లూ చేతులూ సన్నబడి పొట్ట మాత్రం పెరుగుతోందా? పీట మీద కూర్చుంటే నేలకు చెయ్యి ఆనించకుండా లేవలేకపోతున్నారా? జడ వేసుకోవడానికి చెయ్యి పైకెత్తితే బరువుగా ఉందా? గాజు ఒరుసుకుంటే చాలు తోలు లేచిపోయి నల్లమచ్చ పడుతోందా? పొట్ట మీద, తొడల మీద ఎర్రటి చారలు పడ్డాయా? రాత్రుళ్లు నిద్ర రాక, చిన్నమాటకే చిరాకుపడి, ఎన్నడూ లేనిది అరుస్తున్నారా? బడికెళ్లే పిల్లాడు బరువు పెరుగుతూ పొడవు మాత్రం పెరగడం లేదా? వీటిలో రెండు మూడు ఉన్నా, మందుల సంచితో సహా డాక్టరు దగ్గరికెళ్లండి.

బయటికి కనిపించనివీ ఉన్నాయి. ఎముక గుల్లబారుతుంది. బిందె ఎత్తబోయి వెన్నుపూస నలిగిన పెద్దావిడ అది బరువు వల్ల అనుకుంటుంది. తుంటి ఎముకకు రక్తం అందక లోపలే చచ్చుపడుతుంది. ముప్పై ఏళ్ల కుర్రాడు గజ్జల్లో నొప్పితో కుంటుతుంటే నెలల తరబడి బామ్ రాస్తారు. తొలిదశలో ఎక్స్‌రేలో తెలియకపోవచ్చు, ఎంఆర్‌ఐలో తెలుస్తుంది. స్టిరాయిడ్‌తోపాటు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర కలిపి వాడితే కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు. మలం తారులా నల్లగా వస్తే తెల్లారేదాకా ఆగకండి. ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయ లేచి కూర్చోవచ్చు, రెండు వారాలు దాటిన దగ్గును తేలిగ్గా తీసుకోవద్దు. మరీ మాయదారి లక్షణం ఒకటుంది. స్టిరాయిడ్ జ్వరాన్నీ నొప్పినీ కప్పిపెడుతుంది. లోపల చీము పడుతున్నా పైకి కులాసాగా ఉంటుంది.

ఇక షుగర్. ఈ ఒక్క సంగతి మాత్రం మీ ఫ్రిజ్ మీద రాసి అంటించుకోండి. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసోలోన్ ప్రభావం మధ్యాహ్నం భోజనం నుంచి సాయంత్రం దాకా ఎక్కువగా కనిపిస్తుంది. పరగడుపున పరీక్ష చేయిస్తే చక్కెర మామూలుగానే ఉండొచ్చు. ‘ఏం లేదండీ, నార్మలే’ అని ఇంటికొచ్చేస్తారు. భోజనమైన రెండు గంటలకు, సాయంత్రం కూడా చూపించుకోండి. అంతకుముందు షుగర్ లేనివాళ్లు కూడా.

షుగరూ స్టిరాయిడూ కలిస్తే ఏమవుతుందో 2021 వేసవిలో మన కళ్ల ముందే చూశాం. అంతకు ఏడాది ముందు, 2020 జూన్‌లో, బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, గరిష్ఠంగా పది రోజులు. వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం లాభం కనిపించలేదు. మనకు మొదటి సగం వినబడింది, రెండో సగం వినబడలేదు. వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూసి ఆక్సిజన్ బాగానే ఉన్నవాళ్లు మొదటి రోజు నుంచే మింగారు. చక్కెర చూసుకున్నవాళ్లు తక్కువ. 2021 మే నెలలో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు బ్లాక్ ఫంగస్ రోగులు బారులు తీరారు. తెలంగాణ దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో చేర్చింది. కన్ను తీసేస్తే తప్ప బతకని స్థితికి వచ్చినవాళ్లున్నారు. అన్నిటికీ స్టిరాయిడే కారణమనడం సరికాదు, అదుపులో లేని షుగర్‌దీ పెద్ద పాత్రే. కానీ ఆ షుగర్‌ని ఎగదోసినవాటిలో లెక్క లేని ఆ మాత్రలూ ఉన్నాయి.

మానడం గురించి ఇప్పుడు చెబుతాం, జాగ్రత్తగా వినండి. మూత్రపిండాల మీద రెండు చిన్న అడ్రినల్ గ్రంథులుంటాయి. ప్రాణం నిలబడటానికి కావలసిన కార్టిసాల్ రోజూ అవే తయారుచేస్తాయి. రోజూ హోటల్ నుంచి క్యారియర్ వస్తుంటే ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, బయటినుంచి స్టిరాయిడ్ వస్తుంటే ఈ గ్రంథులూ అలాగే పని మానేస్తాయి. మూడు నాలుగు వారాలు దాటి రోజూ వాడినవారిలో ఇది జరగొచ్చు. అప్పుడు హఠాత్తుగా ఆపేస్తే నీరసం, కళ్లు తిరగడం, వాంతులు, కడుపునొప్పి వస్తాయి. బీపీ పడిపోతుంది, చక్కెర పడిపోతుంది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించేలోపు మనిషి చేజారిపోవచ్చు. అందుకే డాక్టర్లు వారాలు, నెలల మీద మెట్లు మెట్లుగా దించుతారు. ఆయాసం కోసం ఐదు రోజులకు రాసిచ్చిన కోర్సయితే సాధారణంగా ఐదో రోజున ముగించేయొచ్చు, అదీ రాసినాయన చెప్పినట్టే.

మాల వేసుకున్నామని మాత్ర మానేవాళ్లున్నారు. రంజాన్ ఉపవాసమని, కార్తీక సోమవారమని ఒక పూట వదిలేసేవాళ్లున్నారు. చేతిలో డబ్బుల్లేక నెలాఖరున నాలుగు రోజులు ఆపేవాళ్లూ ఉన్నారు. మొహం ఉబ్బిందని కాలేజీ అమ్మాయి ఎవరికీ చెప్పకుండా మానేస్తుంది. ఎవరి కారణం వారిది, తప్పుపట్టడం లేదు. దీక్షకు ముందే డాక్టరును అడిగితే వేళ సర్దిస్తారు. డబ్బు ఇబ్బందయితే సిగ్గుపడకుండా చెప్పండి. ప్రెడ్నిసోలోన్ మరీ ఖరీదైన మందేం కాదు, సర్కారు ఆసుపత్రుల్లోనూ ఇస్తారు. మొహం సంగతి దిగులుగా ఉంటే అదీ చెప్పండి, స్టిరాయిడ్ డోసు తగ్గించుకునేందుకు తోడిచ్చే మందులున్నాయి. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసినదే. కీళ్లవాతానికి దాన్ని వేసుకునేది వారానికి ఒక్కసారి. రోజూ మాత్రనుకుని రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ మాత్ర ఉంటే ఏ రోజు వేసుకోవాలో క్యాలెండర్ మీద గుండ్రంగా గీసిపెట్టండి.

మాత్రలంటే భయపడేవాళ్లు కూడా ట్యూబు చూసి భయపడరు. తామరకు, మొటిమలకు, మంగుమచ్చలకు, పసిబిడ్డ తొడల మధ్య ఒరుపుకు, చివరికి తెల్లగా అవ్వడానికి కూడా బెట్నోవేట్ లాంటి స్టిరాయిడ్ క్రీములే. చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి మొత్తుకున్నాక 2018 మార్చిలో కేంద్రం ఇలాంటి క్రీములను చీటీ మీదే అమ్మాలని నోటిఫై చేసింది. షాపులో అడిగి చూడండి, చీటీ అడిగేవాళ్లెంతమందో తెలుస్తుంది.

తామర మీద ఈ క్రీము ఏం చేస్తుందో చెబుతాం. మామూలు తామర గుండ్రంగా, అంచు ఎర్రగా పొలుసులతో ఉంటుంది. క్రీము రాయగానే దురద పోతుంది, అంచు చెరిగిపోతుంది. తగ్గిందనుకుంటారు. తామర తెచ్చిన బూజు మాత్రం చావలేదు, కాపలా కాసే రోగనిరోధక శక్తిని మాత్రమే నిద్రపుచ్చాం. ఆపిన నాలుగు రోజులకు గజ్జల నుంచి తొడలకు, నడుముకు, పిరుదులకు పాకుతుంది. మళ్లీ అదే ట్యూబు. అదే తువ్వాలుతో ఇంటిల్లిపాదికీ. ఏడాది తర్వాత చర్మవైద్యుడికి చూపిస్తే ఆ మచ్చను చూసి తామరని గుర్తుపట్టడమే కష్టమవుతుంది.

మొహం మీదయితే మొదటి వారం నునుపు, తెలుపు. తర్వాత తోలు పల్చబడి ఎర్రటి నరాల గీతలు, మొటిమలు, సన్నటి వెంట్రుకలు, ఎండలోకి వెళ్తే మంట. మానితే మంట రెట్టింపై మళ్లీ రాయక తప్పదు. ఆ వలయంలో పడ్డ పిల్లలు సొంతంగా బయటపడటం కష్టం, చర్మవైద్యుడి సాయం కావాలి. అమ్మలారా, మీ అమ్మాయి సబ్బుపెట్టె పక్కన నలిగిన ట్యూబు కనిపిస్తే తిట్టకండి, దాని మీద పేరు చదవండి. డాక్టరే స్టిరాయిడ్ క్రీము రాస్తే నిక్షేపంగా వాడండి. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండిన క్రీము రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది.

కంటి చుక్కలు ఇంకా ప్రమాదం. నూర్పిళ్ల కాలంలో వడ్ల పొట్టు, గడ్డిపరక కంట్లో పడి నల్లగుడ్డు మీద గీసుకుంటుంది. ఆ గాయంలో బూజు చేరుతుంది. కన్ను ఎర్రబడిందని షాపులో స్టిరాయిడ్ కలిసిన చుక్కలు తెచ్చి వేస్తే ఎరుపు తగ్గుతూ పుండు పెరుగుతుంది. కన్నే పోవచ్చు. ఏటా వేసవిలో కళ్ల దురదతో నలుపుకునే పిల్లలకు అవే చుక్కలు ఏళ్ల తరబడి వేస్తే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు. చూపు అంచుల నుంచి లోపలికి మాయమవుతూ వస్తుంది. పోయిన చూపు తిరిగిరాదు. ఎర్రకన్నుకు షాపులో చుక్కలు కొనకండి, అంతే.

ఇన్ని చెప్పాక ఒకదానికి మాత్రం భయపడొద్దంటున్నాం. ఆయాసానికి వాడే పంపు. ‘పంపు అలవాటైపోతుంది, పెళ్లి కావాల్సిన పిల్ల’ అని ఇన్‌హేలర్ దాచిపెట్టి, ఆయాసం వచ్చినప్పుడల్లా మాత్రలూ సూదులూ వేయించే ఇళ్లు మన దగ్గర తక్కువేం కావు. పంపులో ఒక పీల్పుకు వచ్చే స్టిరాయిడ్ మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మాత్రలో మిల్లీగ్రాముల్లో. ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు. పంపు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోట్లో తెల్లపూత వచ్చే అవకాశం తగ్గుతుంది. మృగశిర కార్తె నాడు చేప మందు మింగించామని పిల్లాడి పంపు ఆపకండి.

నిజంగా అవసరమై వాడుతున్నవాళ్లు, మీరు భయపడాల్సిన పనిలేదు, పద్ధతిగా ఉంటే చాలు. వేరే విధంగా చెప్పకపోతే పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోండి, రాత్రి నిద్ర చెడదు. ఆవకాయ, అప్పడాలు, ఒడియాలు తగ్గించండి, ఉప్పు ఒంట్లో నీరు నిలుపుతుంది. కాల్షియం, విటమిన్ డి కావాలా అని మీరే అడగండి. ఏడాదికోసారి కళ్లు చూపించుకోండి. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే, మీకు చిన్నప్పుడు రాకపోయుంటే, అదే రోజు డాక్టరుకు చెప్పండి. టీకాకు ముందు, పన్ను పీకించుకునే ముందు, ఆపరేషన్‌కు ముందు స్టిరాయిడ్ వాడుతున్నట్టు చెప్పడం మరవొద్దు. జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా ఒంటికి మామూలుకంటే ఎక్కువ స్టిరాయిడ్ అవసరమవుతుంది. అప్పుడు ఎంత పెంచాలో ముందే రాయించి పెట్టుకోండి.

ఆర్‌ఎంపీ తమ్ముళ్లూ, మందుల షాపు అన్నలూ, అర్ధరాత్రి తలుపు తడితే పలికేది మీరే, కాదనం. ఆ సూది వేశామని, పొట్లంలో ఫలానా మాత్ర ఉందని ఒక కాగితం ముక్క మీద రాసివ్వండి. ఆ నాలుగు అక్షరాలుంటే రేపు పెద్దాసుపత్రిలో చూసే డాక్టరుకు గంటలు కలిసొస్తాయి.

మందుల డబ్బాలో ఇప్పుడే స్టిరాయిడ్ పేరు కనిపించినవాళ్లు, దాన్ని రోజూ వాడుతుంటే, రేపు కూడా మాత్ర వేసుకోండి. స్ట్రిప్పులు, పొట్లాలు, ట్యూబులు, పొడి డబ్బా అన్నీ ఒక సంచిలో వేసుకుని పీహెచ్‌సీకో, బస్తీ దవాఖానాకో, జిల్లా ఆసుపత్రికో వెళ్లండి. ఎప్పటినుంచి వాడుతున్నారో దాచకుండా చెప్పండి. ఎలా తగ్గించాలో వారానికింత చొప్పున కాగితం మీద రాయించుకోండి. మాత్రలు దించుతున్నప్పుడు, దించాక కొన్ని నెలలదాకా, పర్సులో ఒక చీటీ ఉంచండి: మందు పేరు, డోసు, ఎప్పటినుంచి, డాక్టరు ఫోను. ఈలోగా వాంతులై మాత్ర కడుపులో నిలవకపోయినా, మనిషి మగతగా ఉండి లేవలేకపోయినా ఇంట్లో గ్లూకోజు నీళ్లు కలుపుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. వచ్చినవాళ్లకు మొట్టమొదట చెప్పాల్సిన మాట: ‘ఈ మనిషి స్టిరాయిడ్ వాడుతున్నారు, మాత్ర ఆగిపోయింది.’